జీపు ముందటి కాళ్లు

అచ్చంపేట జీపుల అడ్డ కాడికి పోయి సాయిలు ఏడి అంటే ఎవ్వరూ పలుకరు. ఫోర్‌వీల్ సాయిలు అనాలె. గప్పుడు పాన్‌డబ్బా ముంగట నిలవడ్డ కొత్త మనిషి గూడ వేలు పెట్టి సూపిస్తడు, అగో గా ఆకుపచ్చ జీపు అని. మిలిటరీ వేలంల కొన్న బండి అది. దాని వయసెంతో సాయిలుకే సరిగ్గ తెల్వదు. ఎవరన్న అడిగితే, "మా ఇంటిదానికంటే పెద్దది, దానికంటే బుద్ధిమంతురాలు" అనేటోడు. ఆయన భార్య బుజ్జమ్మ ఆ మాట చెవిన వడ్డనాడు, "అయితే బువ్వ గూడ దాన్నే వండుమను" అని పొయ్యి ఆర్పి కూసునేది.

సాయిలు పుట్టింది ఉప్పునుంతల దిక్కు ఎవుసం ఇంట్ల. అన్నదమ్ములు పాలు పంచుకున్ననాడు ఈయన వంతుకు రాళ్లచెల్క వచ్చింది. రెండేండ్లు ఆముదాలు ఏసి, రెండేండ్లూ ఆకాశం దిక్కు సూసి, ఇగ నాతోని కాదని చెల్క అమ్మి జీపు కొన్నడు. పొద్దుగాల అచ్చంపేట నుంచి ఉప్పునుంతల, మాపటికి మళ్ల ఎనుకకు. వారానికి రెండు దినాలు మాత్రం నల్లమల లోపలికి, చెంచోళ్ల పెంటలకు పోయేటోడు. పెంట అంటే అడవిల ఇరువై ముప్పై గుడిసెల చిన్న పల్లె. అక్కడికి బస్సు లేదు. బియ్యం పోవాలన్నా, సూది మందు పోవాలన్నా, ముసలోళ్లు దవాఖానకు రావాలన్నా సాయిలు జీపే దిక్కు.

బండిని ఎంత మంచిగ సూసుకునేటోడంటే, ఈర్ష్య పుట్టాలె. పొద్దుగాల మొఖం కడుక్కోకముందు రేడియేటర్ల నీళ్లు సూసేటోడు. రేడియేటర్ కారుతే పిడికెడు పసుపు పోసేటోడు, డీజిల్ ట్యాంకు కారుతే బట్టల సబ్బు రుద్దేటోడు. ఎండకాలం డీజిల్ పంపు మీద తడిగోనె కప్పి, తొవ్వ పొంటి దాని మీద నీళ్లు సల్లుకుంట పోయేటోడు. ఇంజను సప్పుడు జర మారిందంటే నోట్లె ముద్ద నోట్లెనే ఉంచుకొని బయటికి ఉరికేటోడు. మనిషికి దగ్గొస్తే గట్ల ఉరికినోడు గాదు, తన దగ్గు యాది జేసి బుజ్జమ్మ ఇప్పటికీ దెప్పి పొడుస్తది.

ఇన్ని సేసినోడు ఒక్కటి సేయలే. ఆ ఒక్కదాని కతే ఇది.

ఫోర్‌వీల్ జీపు అంటే నాలుగు చక్రాలకూ ఇంజను జోరు అందాలె. ఎనుక చక్రాలకు ఒక ఇనుప కడ్డీ పోతది, ముందటి చక్రాలకు ఇంకొకటి. దాన్ని షాఫ్ట్ అంటరు. గేర్ల పక్కన ఉన్న చిన్న లివర్ గుంజితే ముందటి షాఫ్ట్ గూడ తిరిగి, బురదల వడ్డ బండి నాలుగు కాళ్లతోని లేస్తది. కని, రోజూ తారురోడ్డు మీద తిరిగేటోనికి దానితోని ఏం పని? పైంగ సప్పుడు, డీజిల్ దండుగ. అందుకే మా దిక్కు జీపులోళ్లు బండి కొన్న నెల లోపల ముందటి షాఫ్ట్ ఇప్పి ఇంట్ల పడేస్తరు. ఒక్కడు గాదు, అందరూ గంతే. సాయిలు గూడ తొంభై తొమ్మిదిల ఇప్పేసిండు. ఆ నెలల్నే బర్రెను కట్టేసే గుంజ ఇరిగింది. సమయానికి దొరికిందని షాఫ్ట్‌ను సుత్తెతోని కొట్టి కొట్టి కొట్టంల పాతిండు. ఏడేండ్ల నుంచి బర్రె దానికే కట్టేసి ఉంది.

లివర్ మాత్రం ఉన్నది. దానికి ఎర్ర ఊలు కుచ్చు గూడ కట్టిండు. ఘాటు ఎక్కే ముంగట, "ఇగ గట్టిగ పట్టుకోండ్రి, ఫోర్‌వీల్ ఏస్తున్న" అని లివర్ గుంజేటోడు. లోపల కూసున్నోళ్లు సీటు పట్టుకొని, దేవుని పేరు తలుసుకొని, జీపు ఎక్కినంక "అబ్బ, ఫోర్‌వీల్ అంటే ఫోర్‌వీలే" అనేటోళ్లు. ఎక్కిచ్చింది ఎనుక రెండు చక్రాలు, సాయిలు చేతి పనితనం. మొదట్ల తమాషకే అన్నడు. కని ఏడేండ్లు చెప్పంగ చెప్పంగ ఆయన గూడ నమ్మిండు. అబద్ధం చెప్తున్ననని ఒక్కనాడు అనిపించలే ఆయనకు.

తెలిసినోడు ఒక్కడే, మెకానిక్ ప్రభుదాసు. నాగర్‌కర్నూల్ రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది. ఆదివారం చర్చికి పోతడు, ఆ దినం లారీ తలకిందులైనా పాన పట్టడు. "తమ్మీ, షాఫ్ట్ తీస్తె తీసినవ్. ముందటి చక్రాల లోపల గ్రీజన్న పెట్టియ్యి. పని లేదని ఊకె పడేస్తె ఇనుము గూడ అలుగుతది" అనేటోడు. "సూద్దం తియ్ అన్నా" అని సాయిలు బీడి ముట్టిచ్చేటోడు.

బూరుగులపెంటల బయ్యన్న అనే చెంచు మనిషి ఉండె. సన్నగ, నల్లగ, మాట తక్కువ. తేనె దెచ్చి అచ్చంపేటల అమ్మేటోడు. నేల మీద జాడ సూసి ఏ జంతువు పోయింది, ఎప్పుడు పోయింది, కుంటుకుంట పోయిందా ఉరుక్కుంట పోయిందా, అన్నీ చెప్పేటోడు. ఒకనాడు సాయిలు పెంటకు పోంగనే, "సాయన్నా, మొన్న మంగళారం నువ్వు వచ్చినప్పుడు ఎడమ దిక్కు ఎనుక టైరుల గాలి తక్కువున్నది" అన్నడు. సాయిలు నవ్వి, "నువ్వు అడివిల ఎందుకున్నవ్ బయ్యన్నా, పోలీసుల చేరరాదు" అన్నడు. బయ్యన్న గూడ నవ్విండు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మంచి పాణం.

బయ్యన్న బిడ్డ ప్రవళిక. ఆ పేరు బడి పంతులమ్మ పెట్టింది. హాస్టల్ల ఉండి సదువుకుంట పదో తరగతికొచ్చింది. ఆ పెంటల అంతకుముందు ఎవ్వరూ అంత దూరం రాలే. రెండు వేల ఆరు మార్చిల, పరీక్షలు ఇంక పది దినాలున్నయనంగ ఆ పిల్లకు అమ్మోరు పోసింది. ఒళ్లంత పొక్కులు. హాస్టల్ల ఉంచుకోలే, ఇంటికి తోలిండ్రు. అమ్మోరు వచ్చిన మనిషికి మూడు సార్లు యాపాకు నీళ్లు పోసినంకనే గడప దాటనియ్యాలె. మూడో నీళ్లు మంగళారం వచ్చినయి. బుధారమే పరీక్ష.

పరీక్షకు ముందటి ఆదివారం బయ్యన్న అడ్డ కాడికి వచ్చిండు.

"సాయన్నా, బుధారం పొద్దుగాల బిడ్డను పరీక్షకు తోల్కపోవాలె. తొమ్మిదిన్నరకు మొదలంట. వేరే జీపులోళ్లను అడిగిన, ఇసుకవాగుల దిగవడ్తదని ఎవ్వరూ రామన్నరు. మొన్నటి అకాల వానకు రాళ్లతొవ్వ మీద ఇసుక మేటేసింది. నువ్వు గూడ కాదంటె, మంగళారం నీళ్లు పోసుడు ఇడిసిపెట్టి సోమారమే నడిపిచ్చుకోని వస్త."

సూడుండ్రి, ఆ మనిషి నిజం అడిగిండు. వాగు కతంత చెప్పి మరీ అడిగిండు. సాయిలు రొమ్ము ఇరుసుకొని, "వాళ్లయి ఉత్త జీపులు బయ్యన్నా. నాది ఫోర్‌వీల్. వాగు గీగు జాన్తా నై. నిమ్మలంగ నీళ్లు పోసుకోండ్రి" అన్నడు. బయ్యన్న ఆ మాట పట్టుకొని పోయిండు.

బుధారం తెల్లారంగనే సాయిలు పెంటకు పోయిండు. పోయేటప్పుడు ఉత్త బండి, జోరుగ పోనిచ్చిండు, వాగు దాటింది. దాటినంక ఇంకింత ధైర్యం వచ్చింది. వచ్చేటప్పుడు బయ్యన్న, ప్రవళిక, దవాఖానకు పోయే ఇద్దరు ముసలమ్మలు ఎక్కిండ్రు. చింతపండు కాలం గద, ఎవరో ఆరు మూటలు గూడ ఎక్కిచ్చిండ్రు. సాయిలు కాదనలే. పిల్ల ముందటి సీట్ల కూసోని, మొఖం మీద ఎండిన పొక్కులు కనపడకుంట ఓణీ కప్పుకొని, పుస్తకం సదువుతుండె. ఏడున్నరకు వాగుల దిగిండ్రు.

నడుమకు రాంగనే జీపు కుంగింది. ఎనుక చక్రాలు గిర్రున తిరిగి ఇసుక ఎగజిమ్మినయి.

"ఏం గాదు. ఫోర్‌వీల్ ఏస్తున్న" అన్నడు సాయిలు, అలవాటుగ. లివర్ గుంజిండు. ఆ చేయి గుంజుతుంటనే ఆయనకు కొట్టంల బర్రె యాదికొచ్చింది.

గప్పుడన్న చెప్పొద్దా? దిగుండ్రి, మూటలు దించుండ్రి, టైర్ల గాలి తీసి కొమ్మలేద్దం, నా బండికి ముందటి జోరు లేదు అని ఒక్క మాట అంటె అయిపోతుండె. పావుగంట పని. చెప్పలే. ఎనుక ముసలమ్మలు "ఫోర్‌వీల్ ఏసిండు, ఇగ లేస్తది" అనుకుంటుండ్రి. పిల్ల పుస్తకం మూసి ఆయన దిక్కే సూస్తుంది. సాయిలు రేస్ ఇచ్చిండు. ఎనుకకు, ముంగటికి, మళ్ల ఎనుకకు. "వేడెక్కితె పట్టుకుంటది" అన్నడు. "ఇసుక తడిగున్నది, గందుకే" అన్నడు. దిగి బానెట్ లేపి, అవసరం లేని తీగె ఒకటి పీకి మళ్ల పెట్టిండు. అట్ల ముప్పావుగంట. జీపు ఎనుక భాగం ఇరుసు దాక ఇసుకల పోయింది.

బయ్యన్న ఎప్పుడు దిగిండో దిగిండు. బండి సుట్టు ఒక్కసారి తిరిగిండు. ముందటి టైరు కాడ గొంతు కూసోని ఇసుకను సూసిండు. ఎనుక టైర్ల కాడ మోకాళ్ల లోతు గుంతలు. ముందటి టైర్ల కింద అచ్చు గుద్దినట్టు టైరు గీతలు, ఒక్క గీత గూడ చెదరలే. ఆయన లేసి సాయిలు పక్కకు వచ్చి, ఎవ్వరికీ ఇనపడకుంట అన్నడు:

"సాయన్నా, ముందటి కాళ్లు నడుస్తలేవు."

"ఆఁ... ఇయ్యాల జర పరేషాన్ చేస్తుంది" అన్నడు సాయిలు.

"ఇయ్యాల గాదు" అన్నడు బయ్యన్న. "నీ జాడ నేను ఏండ్ల నుంచి సూస్తున్న. ఎత్తు ఎక్కే కాడ ముందటి చక్రం ఎన్నడూ నేల గీరలే. ఫోర్‌వీల్ అంటె గట్లనే ఉంటదేమో, నాకేం ఎరుక అనుకున్న."

గంతే. కోపం జేయలే, తిట్టలే. కొడవలి తీసుకొని కొమ్మలు కొట్టెతందుకు పోయిండు. మూటలు దించిండ్రు, గాలి తీసిండ్రు, చక్రాల కింద కొమ్మలు పరిసిండ్రు. ముసలమ్మలు గూడ నెట్టిండ్రు. బండి అంత లోతుకు పోయినంక పావుగంటల లేస్తదా? లేసేసరికి తొమ్మిది దాటింది. సాయిలు మూటలు వాగుల్నే ఇడిసిపెట్టి, బండిని ఎన్నడు ఉరికియ్యనంత ఉరికిచ్చిండు. అచ్చంపేట బడి కాడికి చేరేసరికి పదింబావు.

గేటు మూసి ఉన్నది. అరగంట దాటితె ఎవ్వరినీ రానియ్యమని లోపలి సారు చెప్పిండు. సాయిలు చేతులు జోడిచ్చిండు, తప్పు నాది సారూ, పిల్లది గాదు అన్నడు. ఆ సారు గూడ బాధపడ్డడు, కని కాయిదం కాయిదమే. ప్రవళిక ఏడ్వలే. గేటు కడ్డీలు పట్టుకొని, లోపల కిటికిలెంబడి రాస్తున్న పిల్లలను సూసుకుంట నిలవడ్డది. గా నిలవడుడు సాయిలు సచ్చేదాక మరువడు.

మిగిలిన పరీక్షలు హాస్టల్ల ఉండి రాసింది. అన్నిట్ల పాసయింది. తెలుగు మొదటి పేపరు ఒక్కటి జూన్‌ల మళ్ల రాయాలె. అది గూడ పోతె ఏడాది పోతది. ఏడాది ఇంట్ల కూసున్న ఆడపిల్లను ఆ పెంటల మళ్ల ఎవరు బడికి తోలుతరు?

ఇక్కడ ఒక మాట. సాయిలు అబద్ధం బయ్యన్న ఎవ్వరికీ చెప్పలే. ముసలమ్మలు "పాపం, బండికి ఏమో అయింది" అనే అనుకున్నరు. అడ్డల ఫోర్‌వీల్ సాయిలు ఫోర్‌వీల్ సాయిలే. కావాలంటె ఇంకో ఏడేండ్లు లివర్ గుంజుకుంట బతుకొచ్చు. కని బయ్యన్న ఆదివారం తేనెతోని వచ్చి, జీపు పక్క నుంచే పోయి, "బాగున్నవా సాయన్నా" అని నవ్వి, ఇంటికి మాత్రం నడిచి పోతుండె. తిట్టిపోసినా బాగుండు. ఆ నవ్వు సాయిలును తిననిస్తలేదు, పండనిస్తలేదు.

నెల దాటినంక ఒక పొద్దుగాల సాయిలు గడ్డపార తీసుకొని కొట్టంలకు పోయిండు. బర్రెను ఇప్పి, షాఫ్ట్ సుట్టు తవ్వుడు వెట్టిండు. బుజ్జమ్మ వచ్చి, "నీకేమన్న పిచ్చి లేసిందా? బర్రెను ఏడ కట్టెయ్యాలె, నీ మెడకా?" అన్నది. "కట్టెయ్" అన్నడు సాయిలు. ఆమె ఆయన మొఖం దిక్కు సూసింది. ఇంకో గడ్డపార తెచ్చి తానూ తవ్వింది.

ఆ షాఫ్ట్ చూసి ప్రభుదాసు నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వక నిలవడ్డడు. సుత్తె దెబ్బలకు పై కొస అప్పడమైంది, కింది కొసను భూమి తిన్నది. "ఇది బర్రెకే పనికొస్తది తమ్మీ" అన్నడు. ఇగ ముందటి చక్రాలు ఇప్పి సూస్తె లోపల గ్రీజు బెల్లంగడ్డ తీరు గట్టివడ్డది. ఒక దిక్కు బేరింగు తుప్పు వట్టి పట్టేసింది. నూనె ఉండాల్సిన కాడ నీళ్లు జేరి మజ్జిగ తీరు తెల్లగైంది. "మనిషిని ఏడేండ్లు మంచంల పండవెట్టి, లేసి ఉరుకుమంటె ఉరుకుతడా?" అని ప్రభుదాసు మొదటిసారి గట్టిగ కోపం జేసిండు. సాయిలు తల వంచుకొని అన్నీ పడ్డడు.

షాఫ్ట్ కోసం నాగర్‌కర్నూల్‌ల బస్సు మారి వనపర్తికి పోయిండు. పాత ఇనుప సామాన్లోళ్ల కాడ దొరకలే. గద్వాల పోయిండు. అక్కడ రెండు దినాలు తిరిగితె ఒక పాడువడ్డ జీపు కింద సరిగ్గ గదే కొలతది దొరికింది. గోనెసంచిల సుట్టి, భుజాన ఏసుకొని బస్సెక్కితె కండక్టరు, "దీనికి సగం టికెట్ కొట్టాల్నా, నిండు టికెటా?" అన్నడు. బస్సంత నవ్వింది. సాయిలు గూడ నవ్విండు, మార్చి తర్వాత మొదటిసారి.

పదిహేను దినాలు ప్రభుదాసు షెడ్డుల ఆ పనే. సాయిలు కిరాయిలు బందువెట్టి, కింద పండి, డీజిల్‌తోని ఒక్కొక్క బేరింగు కడిగి, కొత్త గ్రీజు చేతితోని నింపిండు. బండి బయటికి తీసిననాడు నేరుగ అడ్డకు పోయి, తోటి డ్రైవర్ల ముంగట చెప్పిండు: "ఏడేండ్లు నా బండికి ముందటి షాఫ్ట్ లేకుండె. ఊకె లివర్ గుంజిన. దానితోని ఒక పిల్ల పరీక్ష పోయింది."

ఒక్కడు కిసుక్కున నవ్విండు. ఇంకొకడు, "మా బండ్లకు మాత్రం ఉన్నదా ఏందే? అందరం ఇప్పినోళ్లమే గద" అన్నడు.

"ఇప్పేసుడు తప్పు గాదు. ఉన్నదని చెప్పుడు తప్పు" అన్నడు సాయిలు. ఎర్రకుచ్చు తెంపి జేబుల ఏసుకున్నడు.

జూన్‌ల తెలుగు పరీక్ష దినం వచ్చింది. ముందు రెండు దినాలు వాన దంచి కొట్టింది. బయ్యన్న సాయిలును పిలువలే. పిలువకున్నా సాయిలు పోయిండు, చీకట్లు ఇడువంగనే. ఇసుకవాగుల మోకాళ్ల లోతు నీళ్లు పారుతున్నయి, ఒడ్డు పొడుగుత ఎర్రటి బురద. అవుతలి ఒడ్డున బయ్యన్న, ప్రవళిక చెప్పులు చేతుల పట్టుకొని వాగు దిగబోతున్నరు.

"ఆగుండ్రి!" అని ఒర్రిండు సాయిలు. "బండి తెస్తున్న!"

"వద్దు సాయన్నా" అన్నడు బయ్యన్న. "నడుస్తం. అచ్చంపేట దాక నడిచి అందుకోకున్నా, రోడ్డు మీదికి పోతె ఏదో ఒక బండి దొరుకుతది."

సాయిలు షాఫ్ట్ కత, గద్వాల కత, బేరింగుల కత చెప్పబోయి ఆగిండు. ఇంతకుముందు గూడ చెప్పిండు గద, ఏడేండ్లు. లివర్ గుంజి బండి నీళ్లల దించిండు. నడుమ ఒకసారి కుంగింది. ముందటి చక్రాలు రెండూ నేలను పట్టుకొని గుంజినయి. అవుతల ఒడ్డెక్కి, బురదల మూతి తిప్పి, మళ్ల వాగు దిక్కు నిలవెట్టి, సాయిలు దిగి పక్కకు నిలవడ్డడు.

బయ్యన్న బండి దిక్కు సూడలే. నేల దిక్కు సూసిండు. ఒడ్డెక్కిన కాడికి పోయి గొంతు కూసున్నడు. బండి తిరిగిన మలుపుల ముందటి జాడ, ఎనుక జాడ వేరువడి నాలుగు గీతలైనయి. నాలుగూ బురదను గీరినయి. ముందటి చక్రం జాడల వేలు పెట్టి లోతు సూసిండు. ఎనుక దాంట్ల పెట్టి సూసిండు. లేసి, చేయి పంచెకు తుడుసుకున్నడు.

"ఎక్కు బిడ్డా" అన్నడు.

ప్రవళిక ముందటి సీట్ల కూసున్నది. జీపు నీళ్లల దిగుతుంటె గట్టిగ కడ్డీ పట్టుకొని, "కాకా, ఫోర్‌వీల్ ఏసినవా?" అన్నది.

"ఏసిన బిడ్డా" అన్నడు సాయిలు.

బడి కాడికి పోయేసరికి గేటు మూసి ఉన్నది. సాయిలు బండి ఆపి గేటు దిక్కే సూసిండు. గడియారం లేదు చేతికి, వాగు కాడ ఎంత సేపైందో సోయి లేదు. దిగిపోయి గేటు కడ్డీల మీద చేతులేసి, మార్చిల నిలవడ్డట్టే నిలవడ్డది ప్రవళిక. లోపలున్న మనిషిని ఏదో అడిగి, మళ్ల ఎనుకకు తిరిగి, రెండు చేతులు ఊపుకుంట ఉరికొచ్చింది.

"కాకా, ఇంకా తెరువనే లేదు! మనమే మొదలు వచ్చినమంట!"

సాయిలు స్టీరింగు మీద తల పెట్టి, పదిమందీ సూస్తున్నా సిగ్గు లేకుంట ఏడ్సిండు. బయ్యన్న దిగి, బోరింగు కాడ ఒక డబ్బాల నీళ్లు పట్టుకొచ్చి, జీపు ముందటి చక్రాలకు అంటిన బురద కడుగుడు మొదలు పెట్టిండు.